కృప మేడం వెనక్కి తీసుకున్న దూరం

మా కాలేజీకి మూడు ఊళ్ళలో మూడు బ్రాంచీలు ఉండేవి. సూర్యాపేటలో, కోదాడలో డిగ్రీ, మిర్యాలగూడలో ఇంటర్. మూడు చోట్లా కలిపి చదువు ఎంత ఉండేదని ఎవరైనా అడిగితే, గోడకు వేసిన రంగు ఎంత మందం ఉంటుందో అంత అని చెబుతాను. ఆ రంగు కూడా తనిఖీకి వచ్చే వాళ్ళ కార్లు ఆగే వైపే వేయించేవారు.

నా పేరు గట్టయ్య. మాది తుంగతుర్తి. మా ఇంట్లో గొర్రెల వెంట తిరగకుండా ఎం.ఏ. దాకా చదివిన మొదటివాణ్ణి నేనే. తెలుగు లెక్చరర్‌నని పేరే గానీ, ఆ చదువుతో నేను చేసిన అసలు పని మా కరస్పాండెంట్ తులసీరాం గారికి విశేషణాలు సరఫరా చేయడం. బ్రోషర్లు, స్వాగత పత్రాలు, సన్మాన పత్రాలు, పేపరు ప్రకటనలు అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. నా గురించి ఇంతకంటే తెలుసుకోదగ్గది లేదు. చెప్పవలసింది కృప మేడం గురించి.

కృపది మిర్యాలగూడ. తండ్రి జాన్ ఒక రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. 2001లో ఆమె బీఎస్సీ పాసైనప్పుడు ఆయన మిల్లులో అందరికీ మిక్చర్ పొట్లాలు పంచితే, "ఇగ టీచర్ ట్రైనింగ్ చేయించు జాన్, నీ పని అయిపోతది" అన్నాడట అక్కడి గుమాస్తా. ఆమె హైదరాబాద్ పోయి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. అక్కణ్ణుంచి పూణే పోయి ఆరేళ్ళు పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకుంది. మధ్యలో పెళ్ళయింది. భర్త శంకరయ్య సూర్యాపేట బస్ డిపోలో మెకానిక్. డాక్టరేట్ అయ్యాక విదేశంలో రెండేళ్ళ ఉద్యోగం ఒకటి వచ్చినా ఆమె వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "ఆయన పని డిపోల. డిపోని సూట్‌కేసుల పెట్టుకొని పోలేం కద సార్" అంది. అంతకుమించి ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు.

2009లో మా కాలేజీలో చేరింది. చేరింది అనడం కంటే దొరికింది అనాలి. ఆ ఏడు యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వస్తూ, డాక్టరేట్ ఉన్నవాళ్ళు ఎంతమంది అని అడిగారు. మా దగ్గర ఒక్కరూ లేరు. తులసీరాం గారు ఆమె దరఖాస్తు చూసి, పేరు పక్కన పీహెచ్‌డీ అన్న అక్షరాలు చూసి, మిగతాది చదవకుండానే తీసుకున్నారు. ఆమె దేని మీద పరిశోధన చేసిందో అడగలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. మా అందరివీ ఆ బీరువాలోనే ఉండేవి. కట్టేసిన పశువు ఎటూ పోదన్న ధైర్యం ఆయనది. మేమూ ఎటూ పోలేదు.

స్టాఫ్ రూమ్‌లో మొదటి వారం నేనే ఆమెను కదిలించాను. నాకు తెలియని విషయం ఎవరి దగ్గరైనా ఉందంటే దాన్ని చిన్నది చేసి మాట్లాడటం నాకు అలవాటు.

"మీది చుక్కల మీద పరిశోధనంట కద మేడం. మన కవులు వేల ఏళ్ళ కిందనే చుక్కలు లెక్కపెట్టిన్రు" అన్నాను.

ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "లెక్కపెట్టిన్రా? ఎంతొచ్చింది సార్?" అంది.

పక్కనున్న కామర్స్ ఆయన పకపకా నవ్వాడు. నాకు మండింది. అయినా కూర్చున్నాను. ఎందుకంటే ఆమె వెక్కిరించి వదిలేయలేదు, తినుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.

"మా నాయిన రైస్ మిల్లుల పని చేస్తడు. మిల్లు వెనక ఊక గుట్టలు పోస్తరు. ఒక్కోసారి గుట్ట లోపల నిప్పు అంటుకుంటది. బయటికి మంట కనపడదు, పొగ గూడ సరిగ రాదు. దగ్గరికి పోతే సెగ తగులుతది. నేను చూసే గెలాక్సీలు గట్లనే ఉంటయి. లోపల కొత్త చుక్కలు తెగ పుడుతుంటయి. మన పాలపుంతల ఏడాదికి ఒకటో రెండో పుడితే, గాడ వందలు. కానీ వాటి చుట్టూ దుమ్ము. వెలుగు బయటికి రాదు. దుమ్ము వేడెక్కి సెగ వస్తది. మేం ఆ సెగని పట్టుకుంటం."

"సెగను బట్టి దూరం చెప్తరా?"

"చెప్పలేం. బాగ వేడిగ ఉండి దూరం ఉన్నా, కొంచెం సల్లగ ఉండి దగ్గర ఉన్నా మనకు ఒక్క తీరుగనే కనపడతది. దూరానికి గ్యాస్ కావాలె. ఆ దుమ్ములనే కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. అది రేడియో అలలల్ల కొన్ని ఖాయమైన చోట్లనే వెలుగుతది. వాటిని గీతలంటం. గెలాక్సీ దూరం పోయినకొద్ది ఆ గీతలు సాగి పక్కకు జరుగుతయి. ఎంత జరిగినయో చూస్తే ఎంత దూరమో తెలుస్తది. అది ఎన్నో గీతో తెలిస్తే."

"తెల్వకపోతే?"

"మన హైవే మీద కిలోమీటరు రాయి ఉన్నది. ఊరి పేరు చెరిగిపోయింది, నలభై అన్న అంకె మాత్రం ఉన్నది. మీరు ఏడ ఉన్నట్టు?"

"ఏ ఊరికి నలభయ్యో తెలిస్తే కద."

"గంతే సార్. ఒక్క రాయితోని చెప్పలేం. రెండోది కావాలె."

ఇంత తేటగా మా కాలేజీలో ఎవరూ ఏ పాఠమూ చెప్పగా నేను వినలేదు. ఆ మాట ఆమెతో అనలేదు. జీతం తీసుకుని నేను మెచ్చుకునేది వేరే మనిషిని.

ఆమె పరిశోధన ఆగలేదు. పూణేలో ఆమె గైడ్, విదేశాల్లో మరో నలుగురు కలిసి ఒక పెద్ద రేడియో టెలిస్కోప్‌ను కొన్ని గంటలు అడిగి తీసుకున్నారు. వచ్చిన డేటా పూణే కంప్యూటర్లో ఉంటే, సూర్యాపేటలో తన ఇంటి నుంచి ఇంటర్నెట్ మీద దాన్ని శుభ్రం చేసి, గీతలు వెతికి, దూరం కట్టే పని ఆమెది. కరెంటు పోతే ఇన్వర్టర్, అదీ పోతే ఎదురుచూపు. అలా 2010 చివర్లో ఒక గెలాక్సీలో ఒక గీత దొరికింది. ఒక్కటే. ఆ గ్యాస్ గీతలు నిచ్చెన మెట్లలా వరసగా ఉంటాయట; ఇది మూడో మెట్టు గీత కావచ్చు, నాలుగోది కావచ్చు. నాలుగోదైతే ఆ వెలుగు బయలుదేరి దాదాపు వెయ్యి రెండు వందల కోట్ల ఏళ్ళయినట్టు. మూడోదైతే ఇంకా దగ్గర. దుమ్ము బాగా వేడిగా ఉండి ఉంటుందని లెక్కవేసి నాలుగోదే అని తేల్చారు. తేల్చింది కృప. పరిశోధన పేపరులో 'బహుశా' అన్న మాట మూడు చోట్ల రాశారట.

మా జిల్లా పేపరు విలేకరి ఆ మూడు బహుశాలనూ ఏరి పారేశాడు. 'ప్రపంచంలోకెల్లా దూరపు నక్షత్ర మండలాన్ని కనుగొన్న సూర్యాపేట లెక్చరర్' అని వేశాడు. అంతకంటే దూరపువి అప్పటికే ఎన్నో తెలుసని కృప ఫోన్ చేసి చెబితే, "మన జిల్లాకైతే ఇదే దూరం కద మేడం" అన్నాడట. ఆ మనిషికి తర్వాత ఉత్తమ విలేకరిగా శాలువా కప్పారు.

తులసీరాం గారు ఆ వార్త చదివాకే మా కాలేజీలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ ఉందని గుర్తించారు. వారంలో మూడు ఊళ్ళలోనూ ఫ్లెక్సీలు లేచాయి. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ పెద్దది, ఆమెది పాస్‌పోర్టు ఫోటో అంత. వెనక ఎవరో కంప్యూటర్లోంచి తీసిన నీలం రంగు గెలాక్సీ. కృప పని చేసిన గెలాక్సీ మామూలు వెలుగులో కనిపించనే కనిపించదు. ఆ సంగతి ఫ్లెక్సీ కొట్టేవాడికి చెబితే, "నల్లగ వేస్తే ఇంకు ఎక్కువైతది సార్" అన్నాడు. ఈ కథలో నిజాయితీగా మాట్లాడిన కొద్దిమందిలో వాడొకడు.

సన్మానం కోదాడలో పెట్టారు. కోదాడ బ్రాంచిలో సీట్లు నిండడం లేదు కాబట్టి సన్మానం కోదాడలో. 2011 మార్చి. సూర్యాపేట నుంచి బస్సులో నేను, కృప పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. నా ఒళ్ళో ఫ్రేము కట్టించిన సన్మాన పత్రం. 'విశ్వపు అంచులను స్పృశించిన విదుషీమణి' అని మొదలుపెట్టాను. ఆమె చదివింది.

"బహుశా అని ఏడన్న రాసిన్రా సార్?"

"సన్మాన పత్రంల బహుశా ఏంది మేడం? పెళ్ళి కార్డుల బహుశా అని వేస్తరా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు గురించి ఆమె తర్వాత చాలా సిగ్గుపడింది. అప్పుడు మాత్రం నవ్వింది, కొత్త చీర కొంగు సర్దుకుని కిటికీలోంచి మునగాల చూసింది.

ఫంక్షన్ హాల్లో ముఖ్య అతిథి ఒక నాయకుడు. ఆయన వేదిక మీదే ఆమె వైపు వంగి, "అది మన కంటికి ఎటువైపు కనపడుద్దమ్మా?" అని అడిగారు. కనపడదండీ అంది. "బైనాక్యులర్స్‌తో?" అన్నారు. కనపడదండీ అంది. ఆయన మొహం మాడింది. పిలిచి మోసం చేసినట్టు తులసీరాం గారి వైపు చూశారు. మైకులో 'వెయ్యి రెండు వందల కోట్ల సంవత్సరాలు' అన్నప్పుడు మాత్రం హాలంతా చప్పట్లు. అంకె ఎంత పొడుగైతే చప్పట్లు అంత. చివర్లో ఆమెకు రెండు నిమిషాలు ఇచ్చారు. "ఇంకో గీత కోసం టెలిస్కోప్ టైం అడిగాం, అది దొరికితే గానీ ఖాయం కాదు" అని ఆమె చెప్పింది. అప్పటికే వెనక వరుసలు లేచి భోజనాల వైపు నడుస్తున్నాయి.

ఆ ఏడు సెప్టెంబర్లో సకల జనుల సమ్మె వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి. శంకరయ్య వాళ్ళ డిపోలో బస్సులు కదల్లేదు. నేను ధర్నాలో కూర్చుని, ఫోటో పడేచోట చూసుకుని కూర్చుని, మధ్యాహ్నానికి ఇంటికి పోయేవాణ్ణి. కృప ఆ నలభై రోజులూ కొత్త డేటా ముందు కూర్చుంది. రెండో టెలిస్కోప్ డేటా అప్పుడే అందింది. మొదటి గీత నాలుగోదే అయితే ఐదో గీత ఎక్కడ ఉండాలో ఆమెకు ముందే తెలుసు. అక్కడ చూసింది. ఏమీ లేదు. ఇంకోసారి శుభ్రం చేసి చూసింది. లేదు. గీత బలహీనంగా ఉందేమోనని వారం రోజులు ఆ ఖాళీ చోటునే తవ్విందట. తర్వాత మిగతా డేటా మొత్తం చూస్తే, తను వెతకని వైపు, చాలా పక్కకు, నిటారుగా ఒక గీత నిలబడి ఉంది. లెక్క కట్టక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది. మొదట దొరికింది మూడోది. ఇది నాలుగోది.

దూరం పడిపోయింది. వెలుగు బయలుదేరింది వెయ్యి రెండు వందల కోట్ల ఏళ్ళ కింద కాదు, వెయ్యి నూట పది కోట్ల ఏళ్ళ కింద. దుమ్ము వాళ్ళనుకున్నంత వేడిగా లేదు. గ్యాస్ కూడా వాళ్ళు రాసినదాంట్లో నాలుగో వంతు తగ్గిపోయింది.

కాలేజీ తెరిచాక నాకు ఈ సంగతి లైబ్రరీలో చెప్పింది. లైబ్రరీ అంటే రెండు బీరువాలు, ఒక బెంచీ.

"పోనీలే మేడం, రెండూ కోట్లల్లనే ఉన్నయి కద" అన్నాను ఓదార్పుగా.

ఆమె నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. చెప్పు కింద ఏమంటిందో చూసుకునే చూపు.

"తప్పు దొరికిందని కాదు సార్ నా బాధ. రెండు దారులు ఉండె. మూడో గీత అని గూడ అనుకోవచ్చు, అది గూడ సరిపోతుండె. నేను నాలుగోదే అన్న. ఎందుకన్ననో తెలుసా? నాకు పెద్దది కావాలె అనిపించింది. లెక్క అయినంక అనిపించలేదు, ముందే అనిపించింది. దుమ్ము వేడిగ ఉంటదని అంటే దూరం అవుతది కాబట్టి వేడి అన్న. మీ ఫ్లెక్సీ కొట్టేటోనికి నాకు ఏం తేడా ఉన్నది?"

ఆ ఫ్లెక్సీ మీది మాటలు రాసింది నేను.

గైడ్‌కు అప్పటికే చెప్పేసింది. ఆయన తిట్టలేదట, సవరణ పేపరు వెంటనే మొదలుపెట్టమన్నాడట. ఆమె నేరుగా తులసీరాం గారి గదికి పోయింది. సాక్షి కోసం నన్నూ రమ్మంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"సార్, ఆ గెలాక్సీ దూరం తప్పు. తప్పు నాదే. ఫ్లెక్సీలు తీయించున్రి, బ్రోషర్ల ఆ పేజీ తీసెయ్యున్రి" అంది.

"తప్పంటే? లేదా అది?"

"ఉన్నది సార్. కానీ దగ్గరకొచ్చింది."

"ఎంత దగ్గరకొచ్చింది?"

"ఎనభై, తొంభై కోట్ల ఏళ్ళు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వారు. "ఓస్, గంతేనా! నేను ఇంకేమో అనుకొని పరేషానైన. ఎవడు టేపు పట్టుకొని పోతడమ్మా గాడికి? ఉండనియ్యి."

"పేపరే మల్ల దిద్దుతున్నం సార్."

"మీ పేపర్ మీరు దిద్దుకోన్రి. అది ఎవడు సదువుతడు? మన బ్రోషర్ మూడు ఊర్లల్ల సదువుతరు. ఏం గట్టయ్యా?"

నేను తల ఊపాను. కృప ముందే, పట్టపగలు, తల ఊపాను.

2012 బ్రోషర్ రాసేటప్పుడు ఆయన నన్ను పిలిచి, "ఆ వెయ్యి రెండొందల కోట్లు నోరు తిరుగుతలేదు, జర రౌండ్ ఫిగర్ చెయ్యి" అన్నారు. నేను వెయ్యి ఐదు వందల కోట్లు అని రాశాను. అచ్చయి వచ్చింది. కృప ఒక కాపీ తీసుకుని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ నా టేబుల్ మీద పెట్టింది.

"సార్, విశ్వం పుట్టి వెయ్యి మూడు వందల డెబ్బై కోట్ల ఏళ్ళు. ఇది అంతకంటే ముందే పుట్టిందా?"

ఎవరికీ నవ్వు రాలేదు, ఎందుకంటే ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థమైనా, "అచ్చయిపోయింది కద మేడం" అన్నాను.

ఆ మే నెలలో కోదాడలో, కొత్తగా చేరబోయే పిల్లల తల్లిదండ్రుల సమావేశం. అదే ఫంక్షన్ హాలు. డాక్టరేట్ ఉన్న మేడం కనబడాలని తులసీరాం గారు ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టారు. మైకు ఇచ్చి, ఫిజిక్స్ చదివితే ఎంత గొప్పవాళ్ళు కావచ్చో చెప్పమన్నారు. ఆమె లేచి బ్రోషర్ విప్పింది.

"అందరి చేతిలో ఇది ఉంది. నాలుగో పేజీలో నా ఫోటో కింద ఉన్న అంకె తప్పు. ముందు నేను చెప్పిన అంకె కూడా తప్పే. ఒక్క ఆధారం మీద తొందరపడి చెప్పాను. రెండో ఆధారం దొరికాక అది తప్పని తేలింది. సరైనది వెయ్యి నూట పది కోట్లు. దయచేసి కొట్టేసి రాసుకోండి."

పెన్ను తీసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. మూడో వరుసలోంచి ఒక తండ్రి లేచాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు.

"తప్పు చేశానని మీరే చెప్తున్నారు గదండీ, మరి మీ దగ్గర మా పిల్లను ఎందుకు చేర్పించాలండీ?"

"తప్పు దొరికితే చెప్పేవాళ్ళ దగ్గర చేర్పించండి. ఇక్కడ అనే కాదు, ఎక్కడైనా" అంది కృప.

ఆయనకు ఈ జవాబు నచ్చలేదు. తప్పే చేయని వాళ్ళ దగ్గర చేర్పిస్తానని గట్టిగా అని, భార్యాబిడ్డలతో వెళ్ళిపోయాడు. వెనకాల ఇంకో పది కుటుంబాలు కదిలాయి. వాళ్ళు ఎదురు సందులో ఉన్న మరో కాలేజీకి పోయారు. తప్పు ఎరగని కాలేజీ దొరికే ఉంటుంది.

తులసీరాం గారు అరవలేదు. మర్నాడే ఆర్డరు వచ్చింది. కృప మిర్యాలగూడ ఇంటర్ బ్రాంచికి బదిలీ. అక్కడ పాఠాలు లేవు. స్టడీ అవర్‌లో పిల్లలు మాట్లాడకుండా చూసుకోవాలి, రిజిస్టర్లలో సంతకాలు చూడాలి. రోజూ సూర్యాపేట నుంచి పోయి రావాలి. విసిగి మానేస్తుందని ఆయన లెక్క. ఆమె ఏడాది పాటు పోయి వచ్చింది. ఆ స్టడీ అవర్లలో, పిల్లలు ముక్కున పట్టిన జవాబులు గొణుగుతుంటే, చివరి బెంచీలో కూర్చుని సవరణ పేపరు పూర్తి చేసింది. మధ్యాహ్నం తండ్రి జాన్ అన్నం డబ్బా తెచ్చి ఇచ్చేవాడు. ఒకసారి ఆయనతో పాటు ఆ బెంచీ మీద నేనూ కూర్చున్నాను, ఏదో రిజిస్టర్ పని మీద పోయి.

"నీ బిడ్డ ఒక్క మాట పడి ఉంటే సూర్యాపేటలనే ఉండేది" అన్నాను ఆయనతో.

జాన్ నన్ను ఎగాదిగా చూశాడు. "బాయిలర్ మీద ప్రెజర్ మీటర్ ఉంటది సార్. ముల్లు ఎక్కువ సూపిస్తే ఓనర్‌కు సెప్పాలె, తక్కువ సూపించినా సెప్పాలె. సెప్పకపోతే మంది సస్తరు. నా బిడ్డ సెప్పింది. మీరేం పని చేస్తరు సార్ గాడ?"

తెలుగు చెబుతానన్నాను. అలాగా అని ఆయన డబ్బా కడగడానికి లేచాడు.

2013లో ప్రభుత్వం కొత్తగా పెట్టిన మోడల్ స్కూళ్ళలో కృపకు ఫిజిక్స్ టీచర్ ఉద్యోగం వచ్చింది. మిర్యాలగూడ దగ్గర త్రిపురారంలో. చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. అవి తులసీరాం గారి బీరువాలో ఉన్నాయి. ఆమె అడిగితే, విద్యా సంవత్సరం మధ్యలో ఇవ్వడం కుదరదన్నారు. అది జూన్ నెల, విద్యా సంవత్సరం ఇంకా మొదలే కాలేదు. బీరువా తాళంచెవులు ఎక్కడ ఉంటాయో నాకు తెలుసు. ఆఫీసులో పదిహేను నిమిషాలు ఎవరూ ఉండని వేళ కూడా తెలుసు. ఆమె నన్ను అడగలేదు. నేను ఇస్తానని అనలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆమె సూర్యాపేట ఆఫీసుకు వచ్చి, అడ్మిషన్లకు వచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీల్లో మొదటి దాంట్లో కూర్చుంది. చేతిలో ఒక పుస్తకం, పక్కన నీళ్ళ సీసా. ఫ్లెక్సీలో ఫోటో చూసినవాళ్ళు గుర్తుపట్టి పలకరించడం మొదలుపెట్టారు. మేడం, ఫిజిక్స్ మీరే చెప్తరా అని ఒక తల్లి అడిగింది. "నేను మానేస్తున్ననమ్మా. నా సర్టిఫికెట్లు వాపస్ ఇస్తలేరు. ఇచ్చేదాక కూసుంట" అంది మామూలు గొంతుతో. అడిగిన ప్రతివాళ్ళకూ అదే మాట, అంతే నెమ్మదిగా. సాయంత్రం దాకా కూర్చుంది. రెండో రోజు మళ్ళీ తొమ్మిదింటికి వచ్చింది. ఆ రోజు శంకరయ్య కూడా డిపో డ్రెస్సులోనే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. పల్లీలు తింటూ ఉన్నాడు. పదకొండున్నరకు తులసీరాం గారు అటెండర్ చేత కవరు పంపించారు. కృప ఒక్కొక్క కాగితం తీసి చూసుకుని, అన్నీ ఉన్నాయని అటెండర్‌కు థాంక్స్ చెప్పి లేచింది. మేమంతా గదుల్లోంచి తొంగి చూశాం. మా సర్టిఫికెట్లు కూడా అడుగుదామని ఎవరికీ తోచలేదు.

2014 ఆగస్టులో మళ్ళీ తనిఖీ అన్నారు. కొత్త రాష్ట్రం, కొత్త అధికారులు, అదే తులసీరాం గారు. డాక్టరేట్ మళ్ళీ కావలసి వచ్చింది. ఇంకా మా స్టాఫే అన్నట్టు ఒక్క రోజు వచ్చి కూర్చుని సంతకం పెట్టి పొమ్మని కృపను అడిగి రమ్మని నన్ను త్రిపురారం పంపారు. ఇలాంటి పనికి నేనే సరైనవాణ్ణని ఆయనకు బాగా తెలుసు.

కాలువ పక్క పొలాల్లో నాట్లు పడుతున్నాయి. స్కూల్లో ల్యాబ్ అని రాసిన గదిలో కృప పిల్లలు రాసిన రికార్డులు దిద్దుతోంది. నన్ను చూసి కుర్చీ చూపించింది, టీ తెప్పించింది. నేను వచ్చిన పని చెప్పకుండా కాసేపు అటూ ఇటూ మాట్లాడాను. ఆ సవరణ పేపరు ఏమైందని అడిగాను.

"వచ్చింది సార్. నిరుడే. మొదటిదానికంటే అదే ఎక్కువ పనికొచ్చింది. రెండు గీతలు ఉంటే దూరమొక్కటే కాదు, గ్యాస్ ఎంత చిక్కగ ఉన్నదో, ఎంత వేడిగ ఉన్నదో గూడ చెప్పొచ్చు. ఒక్క గీతతోని రాసినప్పుడు అవన్నీ ఊహించి రాసినం."

టేబుల్ మీద అచ్చు కాగితాలు ఉన్నాయి. కొత్త పేపరు ప్రతి అట. ఒక పట్టిక. పదకొండు గెలాక్సీలు, వరసగా వాటి దూరాలు, గ్యాస్ బరువులు. ఎనిమిదో వరుసలో మాత్రం గడులు ఖాళీగా ఉన్నాయి.

"ఇది రాయలేదేంది మేడం?"

"దానికి ఒక్క గీతనే దొరికింది."

"బహుశా అని పెట్టొచ్చు కద?"

"పెట్టొచ్చు. నాకు నా మీద నమ్మకం లేదు సార్. ఖాళీగనే ఉండనియ్యున్రి."

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. ఒక్క రోజు, ఒక్క సంతకం, తులసీరాం గారు ఎంతో గౌరవంగా అడిగారు, అన్నాను. ఇంకా కొన్ని విశేషణాలు కూడా వాడాను. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది. బెల్లు కొట్టారు. ఆమె రికార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి చేతిలోకి తీసుకుంది.

"టీ తాగి పోన్రి సార్. రెండున్నరకు మిర్యాలగూడ బస్సు ఉంటది" అని క్లాసుకు వెళ్ళింది.

రాను అనే మాట కూడా నా మీద ఖర్చు పెట్టలేదు. నేను టీ తాగి బస్సెక్కాను. సాయంత్రం తులసీరాం గారు ఏమన్నదని అడిగితే, ఆరోగ్యం బాగాలేదట సార్ అని చెప్పాను. ఆయన అయ్యో అని, కోదాడలో జువాలజీలో డాక్టరేట్ ఉన్న ఒకాయన దొరికాడని, ఫిజిక్స్ కింద చూపిద్దామని, ఆయన మీద పది వాక్యాలు రాసి పెట్టమని అన్నారు. రాసి ఇచ్చాను.